లారీ ఇంజిన్ ఆయిల్ చాంబర్ లీకు: విప్పే ముందు ఏం తేల్చుకోవాలి, ఎలా బిగించాలి

లారీ కింద నల్లటి ఆయిల్ చుక్కలు కనిపించగానే చాలామంది అనే మాట ఒకటే: "చాంబర్ ప్యాకింగ్ పోయింది, దించేద్దాం." ఆ ఒక్క మాట మీద పని మొదలుపెడితే రోజంతా బండి కింద పడుకుని, కొత్త ప్యాకింగ్ వేసి, కొత్త ఆయిల్ పోసి, మర్నాడు పొద్దున అదే చోట మళ్లీ చుక్క చూడాల్సి వస్తుంది. చాంబర్ అంటే ఇంజిన్‌కి అట్టడుగున ఆయిల్ నిలిచే గిన్నె, ప్యాకింగ్ అంటే దానికీ పైనున్న ఇంజిన్ బ్లాకుకీ మధ్య సందు మూసే గ్యాస్కెట్. పైన ఎక్కడ కారినా ఆయిల్ చివరికి దాని అంచు పట్టుకునే జారుతుంది. అందుకే ఈ పనిలో సగం పానా పట్టకముందే అయిపోవాలి. లీకు నిజంగా చాంబర్‌దేనా? చాంబర్‌దే అయితే ఎందుకు వచ్చింది? ఈ రెండూ తేలాకే బోల్టుల జోలికి వెళ్లండి.

ఇక్కడ ఉదాహరణగా కమిన్స్ సిక్స్ బీటీ ఇంజిన్‌ని తీసుకుంటున్నాను. ఆరు సిలిండర్లు, 5.9 లీటర్లు. 1993లో టాటా, కమిన్స్ కలిసి జంషెడ్‌పూర్‌లో పెట్టిన కంపెనీ నుంచి వచ్చి, టాటా లారీల్లోనూ టిప్పర్లలోనూ ఏళ్ల తరబడి నడిచిన ఇంజిన్ ఇది. విడిభాగాలు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల సులువుగా దొరుకుతాయి. మీది లేలాండ్ అయినా, ఐషర్ అయినా, భారత్ బెంజ్ అయినా పద్ధతి దాదాపు ఇదే. బోల్టు ఎంత బిగించాలి, ఆయిల్ ఎంత పట్టాలి అనే లెక్కలు మాత్రం మీ బండి మాన్యువల్‌లోనే చూసుకోండి.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ పనికి ఇద్దరు మనుషులు కావాలి, బండి కనీసం రెండు రోజులు ఖాళీగా ఉండాలి. లోడు ఎక్కించిన బండికి, సాయంత్రం బయల్దేరాల్సిన బండికి ఇది పెట్టుకోవద్దు. తొందరలో చేసిన చాంబర్ పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

ముందు కడగాలి, తర్వాత చూడాలి

ఆయిల్, దుమ్ము కలిసి గట్టిపడిన ఇంజిన్ మీద లీకు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక డీజిల్ గానీ డిగ్రీజర్ గానీ బ్రష్‌తో పట్టించి, పది నిమిషాలు నానబెట్టి, నీళ్లతో కడగండి. ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటార్, వైరింగ్ కనెక్టర్ల మీద ప్రెషర్ నీళ్లు పడకుండా ముందే ప్లాస్టిక్ కవర్లు చుట్టాలి. కడిగాక గాలి కొట్టి ఆరబెట్టండి. ముఖ్యంగా చాంబర్ బ్లాకుకి అతుక్కునే గీత చుట్టూ ఒక్క చుక్క తడి కూడా మిగలకూడదు.

ఇప్పుడు మామూలు టాల్కం పౌడర్ తీసుకుని ఆ గీత చుట్టూ, దానికి పైన ఒక జానెడు దాకా పలచగా చల్లండి. బండి కింద పెద్ద అట్టముక్క పరచండి. ఇంజిన్‌ని పావుగంట స్లోలో నడిపి ఆపి, టార్చి లైటుతో చూడండి. పౌడర్ మీద ఆయిల్ ఎక్కడ మొదట నల్లగా గీత కట్టిందో లీకు అక్కడే. ఏమీ కనపడకపోతే పాతిక ముప్పై కిలోమీటర్లు తిప్పుకుని రండి. కొన్ని లీకులు ఇంజిన్ వేడెక్కి, ఆయిల్ పలచబడి, రేస్ ఇచ్చినప్పుడే బయటపడతాయి. అయితే రోడ్డు మీద గాలి ఆయిల్‌ని వెనక్కి కొడుతుంది. అందుకని తడిసిన చోట్లలో అన్నింటికంటే పైన, అన్నింటికంటే ముందు ఉన్నదాన్నే వెతకాలి. చుక్క పడే చోటు చూసి నిర్ణయానికి రాకండి.

సిక్స్ బీటీలో పైనుంచి చాంబర్ దాకా జారే లీకులు కొన్ని ఉన్నాయి. టాపెట్ కవర్ ప్యాకింగ్, ఇంజిన్ పక్కనున్న పుష్‌రాడ్ కవర్ ప్యాకింగ్, గాలి కంప్రెసర్ ఇంజిన్‌కి బిగిసే చోటు, ఆయిల్ ఫిల్టర్ మూతి, టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగే పైపు. వీటిలో దేనికీ చాంబర్ దించాల్సిన పని లేదు. ముందు పుల్లీ చుట్టూ చక్రం తిరిగినట్టు ఆయిల్ చిమ్మి ఉంటే అది క్రాంక్ ముందు సీలు. క్లచ్ హౌసింగ్ అడుగున్న చిన్న రంధ్రం నుంచి చుక్క పడుతుంటే అది క్రాంక్ వెనక సీలు గానీ గేర్‌బాక్స్ ఇన్‌పుట్ సీలు గానీ అయి ఉంటుంది. వేలితో తీసి వాసన చూడండి. చిక్కగా, గంధకం వాసన వస్తే గేర్ ఆయిల్. నల్లగా, జారుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. వెనక సీలు పోయినప్పుడు చాంబర్ ప్యాకింగ్ మార్చితే డబ్బూ రోజూ రెండూ వృథా, గేర్‌బాక్స్ దించక తప్పదు.

చాంబర్ మీదే ఉన్న డ్రైన్ బోల్టునీ మర్చిపోవద్దు. వాషర్ అరిగి, చుక్క చాంబర్ అడుగునే పడుతూ, చూసేవాళ్లకి ప్యాకింగ్ లీకులా అనిపిస్తుంది. రాగి వాషర్ మార్చితే అక్కడితో పని అయిపోతుంది.

లీకు గీత దగ్గరే తేలితే, దించేముందు ఒకసారి చాంబర్ బోల్టులన్నీ చేత్తో, చిన్న పానాతో తడిమి చూడండి. కార్క్ ప్యాకింగ్ ఉన్న పాత ఇంజిన్లలో కార్క్ నలిగి బోల్టులు వదులవుతాయి. మాన్యువల్ చెప్పినంత బిగిస్తే కొన్నిసార్లు లీకు ఆగిపోతుంది. ఆగకపోతే ఇంకా బిగించకండి. అతిగా బిగించిన బోల్టు రేకుని వంచి లీకుని పెంచుతుంది.

ప్యాకింగ్‌ని తోసేది లోపలి గాలి

చాలామంది వదిలేసే విషయం ఇదే. నా దృష్టిలో మళ్లీ మళ్లీ వచ్చే చాంబర్ లీకులకి పెద్ద కారణం కూడా ఇదే. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గాలి ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటుంది. అది బయటికి పోవడానికే బ్రీదర్ పైపు ఉంది. ఆ పైపు కింది మూతి బురదతోనో గడ్డకట్టిన ఆయిల్‌తోనో మూసుకుపోతే, లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్‌ని ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి తోస్తుంది. కొత్త ప్యాకింగ్ వేసినా అది ఊరుకోదు.

బ్రీదర్ పైపు విప్పి, కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టండి. ఈ గాలి పోయే దారిలో ఫిల్టర్ ఉన్న కొత్త రకం బండి అయితే ఆ ఫిల్టర్‌ని చూడండి. తర్వాత ఇంజిన్ స్లోలో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, ఆ రంధ్రం మీదే దాన్ని తలకిందులుగా ఊరికే పెట్టండి. మూత కొద్దిగా అదిరితే ఫరవాలేదు. ఎగిరి పడిపోతుంటే, లేదా ఆ రంధ్రం నుంచి పొగ బుస్సుమని వస్తుంటే రింగులు, లైనర్లు అరిగాయని అనుమానించాలి. ఇది మోటు పరీక్షే. కచ్చితమైన కొలత కావాలంటే వర్క్‌షాపులో బ్లోబై, అంటే రింగుల పక్కనుంచి దిగే గాలి, కొలిపించాలి. ఒత్తిడి అంత ఉన్న ఇంజిన్‌కి చాంబర్ పని ఓవరాలింగ్‌తో కలిపి చేయించుకోవడమే లాభం.

ఆయిల్ లెవెల్ కూడా చూడండి. డిప్‌స్టిక్ పై గీత దాటి ఉంటే, ఎవరో ఎక్కువ పోసి ఉండాలి, లేదా డీజిల్ ఆయిల్‌లో కలుస్తూ ఉండాలి. డిప్‌స్టిక్‌కి డీజిల్ వాసన వస్తే ఆ సంగతి తేల్చకుండా ముందుకు వెళ్లకండి. పలచబడిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది.

సామాన్లు

కొత్త చాంబర్ ప్యాకింగ్, సక్షన్ పైపు (చాంబర్‌లోంచి పంపుకి ఆయిల్ పీల్చే గొట్టం) ప్యాకింగ్, డ్రైన్ బోల్టు రాగి వాషర్, అనాబాండ్ లాంటి సిలికాన్ పేస్టు ఒక ట్యూబు, ఆయిల్ ఫిల్టర్, ఆయిల్. ప్యాకింగ్ కొనేటప్పుడు ఇంజిన్ ప్లేటు మీద నంబర్ ఫొటో తీసుకుని షాపుకి వెళ్లండి. ఒకే ఇంజిన్‌కి లోతు చాంబర్, తక్కువ లోతు చాంబర్ రెండూ ఉంటాయి. సాకెట్ సెట్టు, బిగింపు కొలిచే టార్క్ రెంచ్, స్క్రాపర్, వైరు బ్రష్, రబ్బరు సుత్తి, ఇరవై లీటర్లు పట్టే తొట్టి, ట్రాలీ జాకీ, బరువు మోసే స్టాండ్లు రెండు, చెక్క దిమ్మెలు. టార్క్ రెంచ్ లేకపోతే అద్దెకో అరువుకో తెచ్చుకోండి. ఈ పనిలో అది లేకుండా గడవదు.

బండి కిందికి వెళ్లే ముందు

నేల గట్టిగా, చదునుగా ఉండాలి. హైవే పక్క మట్టి మీద ఈ పని చేయకూడదు. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి రెండు వైపులా దిమ్మెలు పెట్టి, తాళం మీ జేబులో వేసుకోండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. క్యాబిన్ ఎత్తే రకం అయితే లాక్ పడిందో లేదో ఒకటికి రెండుసార్లు చూడండి.

ఎత్తాల్సి వస్తే చాసిస్ ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీ మీద నిలబడిన బండి కిందికి ఎవరినీ వెళ్లనివ్వకండి, ఒక్క నిమిషానికైనా సరే. హైడ్రాలిక్ జాకీ సీలు పోతే చెప్పి పోదు. ఇటుకలు, సిమెంటు రాళ్లు స్టాండ్లకు బదులు పనికిరావు, అవి ఒక్కసారిగా పగిలిపోతాయి. ఇంకో సంగతి. జాకీని చాంబర్‌కి ఆనించి ఇంజిన్ ఎత్తకండి. రేకు లోపలికి సొట్ట పడితే సక్షన్ పైపు మూతికున్న జాలీకి, అడుగుకి మధ్య సందు తగ్గిపోయి ఆయిల్ అందదు.

చాసిస్‌ని ఎత్తడంలో ఇంకో ఉపయోగం కూడా ఉంది. కమాను కట్టలు సాగి ఫ్రంట్ యాక్సిల్ కిందికి వేలాడుతుంది. చాంబర్‌కి, యాక్సిల్ బీమ్‌కి మధ్య చోటు పెరుగుతుంది.

ఆయిల్ దించడం

ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించండి. అప్పుడే ఆపిన ఇంజిన్ ఆయిల్ చేతిని కాల్చేస్తుంది, బాగా చల్లారిన ఆయిల్ అడుగున మడ్డి వదిలేస్తుంది. గ్లవ్స్ వేసుకోండి. డ్రైన్ బోల్టు చివరి చుట్లు చేత్తో లోపలికి నొక్కి పట్టి తిప్పి, ఒక్కసారిగా పక్కకి లాగితే ఆయిల్ మోచేతి దాకా రాదు. సిక్స్ బీటీలో చాంబర్‌లో సుమారు 14 లీటర్లు, ఫిల్టర్‌తో కలిపి 16 లీటర్ల దాకా ఉంటుంది. తొట్టి చాలుతుందో లేదో ముందే చూసుకోండి. కనీసం అరగంట కారనివ్వండి.

కారిన ఆయిల్‌ని పారబోసే ముందు చూడండి. తొట్టిలో అయస్కాంతం తిప్పండి. సన్నటి నల్లటి పొడి కొంచెం ఉండటం మామూలే. ఇనుప తునకలు, రాగిరంగు రేకులు కనిపిస్తే బేరింగులు పోతున్నట్టు. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలుస్తున్నట్టు, అంటే హెడ్ ప్యాకింగ్ గానీ ఆయిల్ కూలర్ గానీ చూడాలి. చాంబర్ ఎలాగూ దించుతున్నారు కాబట్టి ఈ తనిఖీకి ఇంతకంటే మంచి సమయం ఉండదు.

చాంబర్ దించడం

అడ్డం వచ్చేవన్నీ తీయండి. బండిని బట్టి క్రాస్ మెంబర్, సైలెన్సర్ పైపు క్లాంపు, ఆయిల్ సెన్సర్ వైరు, ఫ్లైవీల్ హౌసింగ్‌కి చాంబర్‌ని కలిపే బోల్టులు ఉంటాయి. తీసిన ప్రతి దానికీ ముందు ఫోన్లో ఫొటో తీయండి.

ఒక అట్టముక్క మీద చాంబర్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడ గుచ్చి పెట్టండి. బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. పొడుగు బోల్టు పొట్టి రంధ్రంలో వేస్తే అది అడుగు తగిలి బిగిసినట్టే అనిపిస్తుంది, ప్యాకింగ్ మాత్రం నొక్కుకోదు. ఆ చోటు మళ్లీ కారుతుంది.

నాలుగు మూలల్లో ఒక్కో బోల్టు వదిలి మిగిలినవన్నీ తీసేయండి. చాంబర్ కింద చెక్క పలక వేసి జాకీ ఆనించండి. తర్వాత మూలల బోల్టులు తీయండి. చాంబర్ అతుక్కుపోయి ఉంటే పక్కల రబ్బరు సుత్తితో కొట్టండి, లేదా పలచటి పుట్టీ బ్లేడు ఒక మూల దూర్చి మెల్లగా జరపండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకండి. అది బ్లాకు ముఖం మీద చేసే గీత మీద ఏ ప్యాకింగూ పనిచేయదు. అల్యూమినియం చాంబర్ అయితే ఇంకా జాగ్రత్త, అంచు ముక్క విరిగి వస్తుంది.

కొన్ని బండ్లలో చాంబర్ నాలుగైదు అంగుళాలు దిగి ఆగిపోతుంది. సక్షన్ పైపు అడ్డం పడుతుంది. సందులోంచి చెయ్యి పోనిచ్చి సక్షన్ పైపు బోల్టులు విప్పి, దాన్ని చాంబర్‌లోకే వదిలేస్తే రెండూ కలిసి బయటికి వస్తాయి. బలవంతంగా లాగితే పైపు వంగుతుంది. ఇంకా చోటు చాలకపోతే ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు వదులు చేసి ఇంజిన్‌ని కాస్త ఎత్తాలి. అప్పుడు ఒక మనిషి పైన నిలబడి ఫ్యాను రేడియేటర్‌కి తగులుతుందేమో, గొట్టాలు లాగుతున్నాయేమో చూస్తూ ఉండాలి.

శుభ్రం చేయడం

ఈ పనిలో అన్నింటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. కొత్త ప్యాకింగ్ వేసిన వారానికే కారే చాంబర్లలో చాలావాటికి ప్యాకింగ్ తప్పు ఉండదు. కింద సరిగా గీకకుండా వేయడమే తప్పు.

ముందుగా, చాంబర్ దించాక బ్లాకు నుంచి చుక్కలు కారుతూనే ఉంటాయి. క్రాంక్ నుంచి, గోడల నుంచి గంటల తరబడి దిగుతుంది. మీరు తుడిచిన అంచు మళ్లీ తడుస్తుంది. అందుకే మొదటి రోజు సాయంత్రానికి చాంబర్ దించేసి, కింద తొట్టి పెట్టి, పైన దుమ్ము పడకుండా బట్ట కప్పి, రాత్రంతా కారనివ్వడం మంచిది. బండి రెండు రోజులు ఆగాలన్నది ఇందుకే.

తెల్లారాక బ్లాకు అంచు గీకండి. ఇనుప బ్లాకుకి ఇనుప స్క్రాపర్ పరవాలేదు. అల్యూమినియం ముఖానికి ప్లాస్టిక్ స్క్రాపర్, గ్యాస్కెట్ రిమూవర్ వాడండి. గ్రైండర్‌కి ఎమరీ డిస్కు తగిలించి రుద్దడం చూస్తూ ఉంటాం. దయచేసి ఆ పని చేయకండి. డిస్కు నుంచి రాలే సన్నటి రాపిడి పొడి పైన క్రాంక్ మీద, బేరింగుల మీద పడుతుంది. ఆయిల్‌లో కలిసి తిరిగి బేరింగులను గీకేస్తుంది. లీకు ఆగుతుంది గానీ ఇంజిన్ పోతుంది. చేత్తో గీకడానికి గంట ఎక్కువ పడితే పట్టనివ్వండి.

బోల్టు రంధ్రాల్లో ఆయిల్ మిగిలి ఉంటే బోల్టు బిగించినప్పుడు ఆ ఆయిల్‌కి దారి లేక బోల్టు తప్పుగా బిగుస్తుంది. సన్నటి కర్రకి బట్ట చుట్టి ప్రతి రంధ్రం తుడవండి. బోల్టుల మరలు వైరు బ్రష్‌తో రుద్దండి.

చివరిగా థిన్నర్ గానీ బ్రేక్ క్లీనర్ గానీ బట్ట మీద వేసి రెండు ముఖాలూ తుడవండి. తెల్లటి బట్ట నల్లబడకుండా వచ్చేదాకా తుడవాలి. నూలు పోగులు ఊడే వేస్టు గుడ్డ చాంబర్ లోపల వాడొద్దు. ఆ పోగులు సక్షన్ జాలీలో చిక్కుకుంటాయి. బీడీ, సిగరెట్, వెల్డింగ్ పని దగ్గర్లో లేకుండా చూసుకోండి, థిన్నర్ ఆవిరి అంటుకుంటుంది.

చాంబర్‌ని పరీక్షించడం

కడిగిన చాంబర్‌ని బోర్లించి ఒక మందపాటి అద్దం పలక మీదో, చదునైన ఇనుప ప్లేటు మీదో పెట్టండి. చుట్టూ ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు) దూర్చి చూడండి. రేకు చాంబర్ అయితే బోల్టు రంధ్రాల చుట్టూ చిన్న చిన్న బుడిపెలు ప్యాకింగ్ వైపు లేచి ఉంటాయి. ఎవరో గతంలో అతిగా బిగించిన గుర్తులు అవి. బుడిపె దగ్గర బ్లాకుకి తగులుతుంది, రెండు బోల్టుల మధ్య సందు ఉండిపోతుంది. అంచుని గట్టి ఇనుప దిమ్మె మీద ఆనించి, ప్యాకింగ్ వైపు నుంచి చిన్న సుత్తితో మెల్లగా కొట్టి చదును చేయండి. ఒక్క దెబ్బకి సరిచేయాలని చూడకండి. కొట్టడం, అద్దం మీద పెట్టి చూడటం, మళ్లీ కొట్టడం.

పగులు అనుమానం ఉంటే పాత పద్ధతి ఒకటి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. చాంబర్ బయటివైపు సుద్దపొడి నీళ్లలో కలిపి పూసి ఆరబెట్టండి. లోపల కిరోసిన్ పోసి గంట వదిలేయండి. వెంట్రుకంత పగులున్నా తెల్లటి సుద్ద మీద తడి గీత కనిపిస్తుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లాంటి రాళ్ల దారుల్లో తిరిగే టిప్పర్లకు ఈ పరీక్ష తప్పకుండా చేయండి, రాయి తగిలిన పగులు పైకి కనపడదు.

రేకు చాంబర్‌కి చిన్న పగులైతే పూర్తిగా కడిగి, కిరోసిన్, థిన్నర్ ఆవిరి ఏమాత్రం లేకుండా ఆరబెట్టాకే వెల్డింగ్ చేయించాలి. అల్యూమినియం చాంబర్‌కి టిగ్ వెల్డింగ్ బాగా తెలిసినవాళ్లే కావాలి. వెల్డింగ్ తర్వాత అంచు వంకర పోయిందేమో మళ్లీ అద్దం మీద చూడండి. తుప్పు పట్టి పలచబడిన చాంబర్‌కి అతుకులు వేయకండి, మార్చేయండి.

సక్షన్ జాలీని కిరోసిన్‌తో కడిగి వెలుతురుకి ఎత్తి చూడండి. పాత సిలికాన్ ముక్కలు అందులో ఇరుక్కుని కనిపించడం చాలా మామూలు. పైపు ప్యాకింగ్ కొత్తది వేయండి. అక్కడ గాలి పీలిస్తే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది.

ప్యాకింగ్, పేస్టు

ప్యాకింగ్ ఏ రకమో చూసి పేస్టు సంగతి తేల్చుకోవాలి. అచ్చు పోసిన రబ్బరు ప్యాకింగ్ అయితే దానికి చుట్టూ పేస్టు రాయకూడదు. సిలికాన్ జారుగా ఉండి, బిగించేటప్పుడు ప్యాకింగ్‌ని పక్కకి తోసేస్తుంది. కార్క్ ప్యాకింగ్ అయితే చాంబర్ వైపు మాత్రం పలచగా రాసి అతికించవచ్చు, అది జరగకుండా ఉంటుంది. ఎండలో ఎండి కుంచించుకుపోయిన కార్క్ కొనకండి, రంధ్రాలు సరిపోవు.

ఏ రకమైనా నాలుగు చోట్ల మాత్రం పేస్టు పెట్టాలి. ముందు గేర్ హౌసింగ్ బ్లాకుకి కలిసే గీత రెండు వైపులా, వెనక సీలు హౌసింగ్ బ్లాకుకి కలిసే గీత రెండు వైపులా. మూడు ముక్కలు ఒకచోట కలుస్తాయి కాబట్టి అక్కడ ప్యాకింగ్ ఒక్కటే సందు పూడ్చలేదు. సిక్స్ బీటీలో ప్యాకింగ్ కొత్తదే అయినా మూలల్లో కారుతోందంటే ముందు చూడాల్సింది ఈ నాలుగు చోట్లే. ప్రతి చోటా ఒక చిన్న శనగగింజంత పేస్టు చాలు.

ప్యాకింగే లేకుండా పేస్టుతోనే బిగించే ఇంజిన్లు కూడా ఉన్నాయి. వాటికి సుమారు 3 మి.మీ. మందం గీత తెగకుండా, బోల్టు రంధ్రాలకి లోపలివైపు నుంచి పోనివ్వండి. ఎక్కువ పెడితే బయటికి వచ్చినంత లోపలికీ వస్తుంది. లోపలికి వచ్చింది ఊడి జాలీకి చేరుతుంది. పేస్టు పైన పొర కట్టేలోపు చాంబర్ ఎక్కించేయాలి. ఎంత సమయం ఉందో ట్యూబు మీద రాసి ఉంటుంది.

ఎక్కించడం

తల కోసేసిన పొడుగు బోల్టులు రెండు ఎదురెదురు మూలల్లో చేత్తో బిగించి దారి పుల్లలుగా వాడండి. చాంబర్ వాటి మీదుగా నేరుగా పైకి వెళ్తుంది, ప్యాకింగ్ జరగదు, పేస్టు చెదరదు. సక్షన్ పైపు చాంబర్‌తో పాటు ఎక్కించే రకం అయితే, చాంబర్ పూర్తిగా ఎక్కకముందే దాని బోల్టులు బిగించడం మర్చిపోకండి.

బోల్టులన్నీ ముందు చేత్తో రెండు మూడు చుట్లు పట్టించండి. ఒక్కటి కూడా పానాతో మొదలుపెట్టొద్దు. తర్వాత మధ్య నుంచి మొదలుపెట్టి, ఒకటి ఈ వైపు, ఒకటి ఆ వైపు, రెండు చివరలకీ వెళ్లండి. మొదటి చుట్టు ఊరికే ఆనేదాకా, రెండో చుట్టు సగం బిగింపు, మూడో చుట్టు పూర్తి బిగింపు. సిక్స్ బీటీకి చాంబర్ బోల్టుల బిగింపు 24 న్యూటన్ మీటర్లు. పొడుగు పానా పట్టిన మనిషి ఊపు అంతకంటే చాలా ఎక్కువ. ఇంపాక్ట్ గన్ ఇక్కడ వాడకండి.

చాంబర్ వెనక అంచు ఫ్లైవీల్ హౌసింగ్‌కి కూడా బిగిసే అల్యూమినియం రకం అయితే, రెండు ముఖాలూ ఒకే తలంలో ఉన్నాయో లేదో స్టీలు స్కేలు ఆనించి చూశాకే బిగించండి. సందు ఉండగా లాగి బిగిస్తే చాంబర్ చెవి పగులుతుంది.

డ్రైన్ బోల్టుకి కొత్త రాగి వాషర్ వేయండి. ఆ రోజు కొత్తది దొరక్కపోతే పాతదాన్ని మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మళ్లీ మెత్తబడుతుంది. టెఫ్లాన్ టేపు చుట్టి సరిపెట్టకండి.

ఆయిల్ పోసి స్టార్ట్ చేయడం

పేస్టు వాడి ఉంటే ట్యూబు మీద రాసినంతసేపు ఆరనివ్వండి. చాలావాటికి పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు పడుతుంది. కొత్త ఫిల్టర్‌ని శుభ్రమైన ఆయిల్‌తో నింపి బిగించండి. ఈ ఇంజిన్‌కి సీఐ-4 రకం 15డబ్ల్యూ-40 ఆయిల్ సరిపోతుంది. బీఎస్-6 బండ్లకి మాత్రం కంపెనీ చెప్పిన తక్కువ బూడిద రకం ఆయిలే పోయాలి, లేకపోతే సైలెన్సర్‌లోని ఫిల్టర్ పూడుకుపోతుంది.

స్టార్ట్ చేశాక 15 సెకన్లలో ఆయిల్ ప్రెషర్ రావాలి. రాకపోతే వెంటనే ఆపండి, సక్షన్ పైపు దగ్గర గాలి పీలుస్తూ ఉండొచ్చు. ప్రెషర్ వస్తే పావుగంట స్లోలో నడిపి, టార్చి పట్టుకుని చుట్టూ చూడండి. ఆపి పది నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి తక్కువైతే పోయండి. పై గీత దాటించకండి.

మొదటి ట్రిప్పు తర్వాత గీత చుట్టూ ఇంకోసారి పౌడర్ పరీక్ష చేయండి. కార్క్ ప్యాకింగ్ అయితే చల్లారిన ఇంజిన్ మీద బోల్టులు ఒకసారి టార్క్ రెంచ్‌తో సరిచూడాలి. రబ్బరు, సిలికాన్ వేసినవాటిని మళ్లీ తిప్పకండి, అతుకు తెగుతుంది.

దించిన ఆయిల్‌ని కాలువలోకో మట్టిలోకో వదలకండి. వాడిన ఆయిల్ 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. డబ్బాల్లో నింపి, అనుమతి ఉన్న రీసైక్లర్లకు చేర్చేవాళ్లకే ఇవ్వండి.

దారిలో మొదలైతే

శ్రీశైలం ఘాట్ మధ్యలోనో, అర్ధరాత్రి హైవే మీదో లీకు మొదలైతే ముందు బండిని సురక్షితంగా పక్కకి ఆపి, హజార్డ్ లైట్లు వేసి, వెనక త్రిభుజం పెట్టండి. ఇంజిన్ ఆపి పది నిమిషాల తర్వాత డిప్‌స్టిక్ చూడండి. చుక్క చుక్కగా పడుతూ, లెవెల్ రెండు గీతల మధ్యే ఉంటే దగ్గర్లోని ఆటోనగర్ దాకా నెమ్మదిగా వెళ్లొచ్చు. ప్రతి ముప్పై కిలోమీటర్లకీ ఆగి చూస్తూ, వెంట ఐదు లీటర్ల ఆయిల్ ఉంచుకోవాలి. డీజిల్ ట్యాంకు లీకుకి సబ్బు పూసినట్టు ఇక్కడ పూస్తే నిలవదు, వేడికి కరిగిపోతుంది. రాయి తగిలి చిల్లు పడితే ఆయిల్ మొత్తం దించి, ఆ చోటు పెట్రోలుతో కాకుండా థిన్నర్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక, ఎం-సీల్ పెట్టి గట్టిపడనిస్తే వర్క్‌షాపు దాకా సాయపడుతుంది. ధారగా కారుతున్నా, ఆయిల్ లైటు వెలిగినా ఇంజిన్ స్టార్ట్ చేయకండి. ఒక్క కిలోమీటరే కదా అని నడిపితే క్రాంక్, బేరింగులు పట్టేస్తాయి. ఆ పరిస్థితిలో టోయింగ్ బండిని పిలిపించండి.